మధ్యమావతికి పదిహేడు మంది

జనవరి 12, ఆదివారం

మే 17న కచేరి. గట్టిగా లెక్కపెడితే పద్దెనిమిది వారాలు కూడా లేవు. అందుకే ఈ డైరీ.

న్యూజెర్సీలో మేముండే ఊరి జాజ్ బిగ్ బ్యాండులో తొమ్మిదేళ్లుగా రెండో టెనర్ శాక్సఫోన్ వాయిస్తున్నాను. పగలు అందరం వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. రెండు వారాలకొకసారి మంగళవారం రాత్రి ఒక చర్చి హాల్లో రెండున్నర గంటలు కూర్చుంటాం. అయిదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, వాటికి తోడు పియానో, గిటారు, బాస్, డ్రమ్స్. మొత్తం పదిహేడు. ఇన్నేళ్లూ పెద్దవాళ్లు రాసినవి వాయించాం. మధ్యమధ్యలో నేను రాసినవి ఒకటీ రెండూ దూర్చాను. ఈసారి వసంతకాలపు కచేరి మొత్తం నా రచనలతోనే చేద్దామని మా దర్శకుడు అన్నారు. నేను శాక్సఫోన్ పక్కన పెట్టి ముందు నిలబడి నడిపించాలి.

మన సినిమా పాటల్లో సంగీత దర్శకుడు బాణీ కడితే, ఏ వయొలిన్ ఏ స్వరం పట్టుకోవాలో రాసిచ్చే అరేంజర్ వేరే ఉండేవారు. ఆధునిక బిగ్ బ్యాండులో ఆ ఇద్దరూ ఎక్కువగా ఒకరే. బాణీ పుట్టేటప్పుడే అది ఏ గొంతులో పుడుతోందో రచయితకు తెలియాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఆరు రచనలు, డెబ్బై అయిదు నిమిషాలు. అయిదు చేతిలో ఉన్నాయి, వాటికి మరమ్మతులు చాలు. చివర వాయించవలసిన ఆరోదానికి ఇంకా ఒక్క స్వరం కూడా కాగితం మీద పడలేదు. 

జనవరి 27, సోమవారం

ఆఫీసు నుంచి తిన్నగా రైలెక్కి న్యూయార్క్ వెళ్లాను. జాజ్ క్లబ్బు విలేజ్ వ్యాన్‌గార్డ్‌లో సోమవారం అంటే పెద్ద బ్యాండు రాత్రి. ట్రంపెట్ వాయించే థాడ్ జోన్స్, డ్రమ్స్ వాయించే మెల్ లూయిస్ కలిసి 1966 ఫిబ్రవరి 7న, ఒక సోమవారం నాడు, అక్కడ మొదటిసారి వాయించారు. ఇద్దరూ పోయారు, సోమవారం మాత్రం ఆగలేదు. ఇప్పుడు వ్యాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా పేరుతో అదే వాద్యబృందం అదే నేలమాళిగలో వాయిస్తోంది. ఎర్ర తలుపు తోసుకుని నిటారుగా ఉన్న మెట్లు దిగాలి. కూర్చోగలిగేది 123 మంది. ఆ ఇరుకులో పదహారు, పదిహేడు మంది ఊదితే మైకు అవసరమే ఉండదు.

ఇదివరకు పాట వినడానికి వెళ్లేదాన్ని. ఇవాళ పనివాళ్లను చూడటానికి వెళ్లాను. ట్రంపెట్ల వరుసకు దగ్గరగా చోటు దొరికింది. వాళ్లు అందుకోవలసిన చోటుకు ఒక మాత్ర ముందు మొదటి ట్రంపెట్ భుజాలు కాస్త లేచాయి. ఆ కదలికతో మిగతా ముగ్గురూ ఒకేసారి గాలి పీల్చారు. ఆ పీల్చిన శబ్దం నాకు వినిపించింది. తర్వాత వచ్చిన స్వరం ఎంత పెద్దగా, ఎంత పొడవుగా ఉండబోతోందో ఆ ఊపిరిలోనే ఉంది. ఇంటికొచ్చి నా పాత స్కోర్లు (అందరి స్వరాలూ ఒకచోట రాసిన కాగితాలు) తీసి చూశాను. ఊపిరి తీసుకోవడానికి చోటు లేకుండా పదకొండు బార్ల (నొటేషన్లో నిలువు గీతల మధ్య గళ్ల) పాటు సాగదీసిన స్వరాలు బాస్ ట్రాంబోన్‌కు రాసి ఉన్నాయి. ట్రాంబోన్లలో అన్నిటికన్నా ఎక్కువ గాలి తాగేది అది. దాన్ని వాయించేది అరవై ఎనిమిదేళ్ల పెద్దమనిషి. ఇన్నాళ్లూ ఒక్క మాట అనకుండా ఎలాగోలా నెట్టుకొచ్చారు. ఆ రాత్రే ఎర్ర పెన్నుతో అయిదు రచనల్లోనూ ఊపిరి గుర్తులు పెట్టాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

నాన్నకు ఫోను చేశాను. నాన్న తెనాలి చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో ముప్పై ఏళ్లు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించారు. ఊళ్లో సన్నాయి విద్వాంసుల దగ్గర విని పట్టుకున్న రాగాలే ఆయన చదువు. అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్ రాదు. క్లారినెట్ కింద పెట్టి ఆరేళ్లయింది.

"చివరి పాటకు ఏ రాగం బాగుంటుంది నాన్నా?" అని అడిగాను.

"చివరికి అడగడం ఎందుకమ్మా? మధ్యమావతే. వాయించినదాంట్లో ఏవైనా తప్పులు దొర్లితే అది సర్దుతుంది" అన్నారు.

పెద్దలు కచేరి చివర మధ్యమావతి పాడటానికి చెప్పే కారణం అదే. నేను మాత్రం ఫోను పెట్టేసి పియానో ముందు కూర్చుని మరో కారణం కనుక్కున్నాను. మధ్యమావతిలో అయిదే స్వరాలు: స, రి, మ, ప, ని. వాటిని రి, ప, స, మ, ని అని వరుస మార్చి కింది నుంచి పైకి పేర్చితే ప్రతి రెండింటి మధ్యా దూరం ఒకటే, స నుంచి మ వరకు ఉన్నంత. అంటే రాగంలో ఉన్న స్వరాలన్నీ కలిసి వాటంతటవే ఒక తీగలాగా (కార్డ్, ఒకేసారి మోగే స్వరాల కట్ట) నిలబడతాయి. 1960ల నుంచి జాజ్ పియానో వాద్యకారులు ఎంతో ఇష్టంగా పట్టుకున్న పేర్పు ఇదే. దీనికి నేను బయటి నుంచి ఒక్క స్వరం కూడా తేనక్కరలేదు.

అయిదు స్వరాలు, అయిదు శాక్సఫోన్లు. ఎఫ్‌ను (పాశ్చాత్య స్వరం) షడ్జమం, అంటే స, చేసుకుంటే బారిటోన్‌కు రి, రెండో టెనర్‌కు ప, మొదటి టెనర్‌కు స, రెండో ఆల్టోకు మ, మొదటి ఆల్టోకు ని. అందరి గొంతులోనూ హాయిగా పలికే స్థాయి. అందరినీ రాగంలో ఒక్కో మెట్టు పైకి ఎక్కించి చూశాను. ఇప్పుడు మ, ని, రి, ప, స. ని నుంచి రి వరకు మాత్రం దూరం కాస్త తగ్గి అంతరగాంధారమంత అయింది. ఆ ఒక్కచోట మెత్తదనం వచ్చింది. ఇంకో మెట్టు ఎక్కితే మెత్తదనం మరో ఇద్దరి మధ్యకు జరిగింది. రాత్రి ఒంటిగంట దాకా అలా మెట్లెక్కిస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

తబలా కానీ మృదంగం కానీ పెట్టడం లేదని ఇవాళ తేల్చేసుకున్నాను. సితార్ శబ్దాన్ని పైన అతికించి భారతీయ జాజ్ అని పేరు పెట్టినవి చాలా విన్నాను. నాకు అవి రుచించవు. అతికించినది అతికించినట్టే వినిపిస్తుంది. నాన్న మేళంలో కూడా క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం, అన్నీ బయటి నుంచి వచ్చినవే. ఆ గొట్టాల్లోనే మన పాట ఊదారు.

దారి చూపినవాళ్లు లేకపోలేదు. జపాన్ నుంచి వచ్చిన జాజ్ పియానో వాద్యకారిణి తోషికో అకియోషి 1973లో లాస్ ఏంజెలెస్‌లో సొంత పెద్ద బ్యాండు పెట్టి, జపాన్ సంప్రదాయ నాటకంలోని సుజుమి డోలు శబ్దాన్ని, ఆ గాత్రాన్ని బిగ్ బ్యాండు రచన మధ్యలో నిలబెట్టింది. అక్కడ ఆ డోలు అలంకారం కాదు, కథలో పాత్ర. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందం మన దేశానికి వచ్చినప్పుడు, ఆయనతో కలిసి రచనలు చేసే బిల్లీ స్ట్రేహార్న్ ఢిల్లీలో ఒక గోరింక కూత విన్నారు. తర్వాత దాన్ని క్లారినెట్‌కు రాశారు, ఆ బృందంలో క్లారినెట్ వాయించే జిమ్మీ హామిల్టన్ కోసం. అది ఇంకెవరి క్లారినెట్ అయినా ఆ పిట్ట అలా పలికేది కాదని నా నమ్మకం.

ఎలింగ్టన్ పార్టుల (ఒక్కో వాద్యకారుడికి ఇచ్చే స్వరాల కాగితాల) మీద వాద్యం పేరు బదులు మనిషి పేరు రాసేవారట. ఆ పద్ధతి ఎందుకో ఇన్నాళ్లూ నాకు పూర్తిగా బోధపడలేదు. ఇవాళ నా స్కోరు మొదటి పేజీలో "ట్రంపెట్ 1" కొట్టేసి మా మొదటి ట్రంపెట్ పేరు రాశాను. ఆమె స్కూల్లో సంగీతం పంతులమ్మ, రోజంతా పిల్లలతో వాయించి వస్తుంది, రాత్రి తొమ్మిదిన్నరకు పెదవి అలిసిపోతుంది. పేరు రాయగానే ఆ తారస్థాయి వరుస నా కళ్లముందే సగానికి తగ్గిపోయింది.

మార్చి 4, మంగళవారం

మొదటిసారి వాయించి చూశాం. రెండు చోట్ల ఘోరంగా విఫలమైంది.

ఒకటి, వేణువులు. మా శాక్సఫోన్ వాళ్లలో ముగ్గురు ఫ్లూటు కూడా వాయిస్తారు. పల్లవిని ముగ్గురు ఫ్లూటు వాళ్లకు కింది స్థాయిలో రాసి, కింద నాలుగు ట్రాంబోన్లకు మూత (గొట్టం నోట్లో పెట్టే మ్యూటు) లేకుండా తీగలు రాశాను. కంప్యూటర్లో వాయించి విన్నప్పుడు మంచు మీద ఎండ పడినట్టు ఉంది. హాల్లో ట్రాంబోన్లు తప్ప ఏమీ వినిపించలేదు. ఫ్లూటు మొదటి స్థాయిలో ఎంత ఊదినా పెద్దగా పలకదు, అది దాని స్వభావం. కంప్యూటర్‌కు ఆ సంగతి పట్టదు, అన్నిటినీ ఒకే మోతాదులో వినిపిస్తుంది. ముప్పై బార్ల పాటు ముగ్గురూ ఎర్రబడ్డ ముఖాలతో ఊదుతూనే ఉన్నారు. చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

రెండోది, మూతలు. ట్రంపెట్లకు హార్మన్ మ్యూటు పెట్టుకోమని రాసిన చోట రెండు మాత్రల విరామం ఇచ్చాను. నిమిషానికి 132 మాత్రల వేగంలో రెండు మాత్రలంటే ఒక సెకను కూడా కాదు. కుర్చీ కింది నుంచి మూత అందుకోవాలి, ట్రంపెట్ వెడల్పాటి నోట్లో దూర్చి తిప్పి బిగించాలి, పెదవి సర్దుకోవాలి. మూడో ట్రంపెట్ చేతిలోంచి అల్యూమినియం మూత జారి చర్చి చెక్క నేల మీద పడి పియానో కిందకు దొర్లింది. ఆ మోతకు రిహార్సల్ ఆగిపోయింది. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాదని అందరి ముందూ చెప్పాను.

మార్చి 9, ఆదివారం

మరమ్మతులు. ఫ్లూట్లను ఒక స్థాయి పైకి తీసుకెళ్లాను. ట్రాంబోన్లకు బకెట్ మ్యూటులు పెట్టాను. అది పెడితే కంబళి కప్పినట్టు గొంతు గుండ్రంగా, దూరంగా అవుతుంది. ఫ్లూటుకు ఒక స్థాయి కింద హార్మన్ పెట్టిన ఒకే ఒక్క ట్రంపెట్‌ను తోడిచ్చాను. మూతలు పెట్టుకోవడానికి ఆరు బార్లు. ఆ ఆరు బార్లు ఎవరు నింపాలి? గిటారు ఒంటరిగా. ఇదివరకు గిటారుకు ఏమీ లేదు. ఇప్పుడు ఈ రచనలో నాకు అందరికన్నా నచ్చిన చోటు అదే.

మార్చి 18, మంగళవారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

మధ్యమావతిలో స్వరం తిన్నగా నిలబడితే రాగం ముఖం కనిపించదు. ముఖ్యంగా రి, ని ఊగాలి. పియానోకు అది రాదు. శాక్సఫోన్ పెదవితో కొంత వంచగలదు. ట్రంపెట్ మీట సగం నొక్కి కొంత జారుతుంది. ఊదేవాటిలో నిజంగా జారగలిగేది ట్రాంబోన్ ఒక్కటే. అందుకే అసలు ఆలాపన రెండో ట్రాంబోన్‌కు రాశాను. అందులో స నుంచి ప వరకు ఒకే జారు.

రిహార్సల్ అయ్యాక అది వాయించే ఆయన నన్ను ఆపారు. వీళ్లింట్లో మూడు తరాలు ట్రాంబోన్. "నువ్వు రాసింది ఈ వాద్యంలో లేదు" అన్నారు మెల్లగా. కేసులో పెట్టబోతున్న ట్రాంబోన్ మళ్లీ పైకి తీశారు.

జారుడు గొట్టానికి ఏడు స్థానాలు. ఒంటికి దగ్గరగా ఉన్నది ఒకటి, చెయ్యి పూర్తిగా చాపితే ఏడు. ఒక్కో స్థానానికీ అర స్వరం దిగుతుంది. అంటే పెదవి మార్చకుండా ఎంత జారినా ఆరు అర స్వరాలే. స నుంచి ప వరకు ఏడు. ఒక్క అర స్వరం చాలలేదు. మధ్యలో పెదవి మెట్టు మారక తప్పదు, మారితే జారు తెగుతుంది.

"మరి ఏది ఉంది?" అని అడిగాను.

చెయ్యి ఆరో స్థానానికి చాపి స పట్టారు. మెల్లగా ఒంటి దగ్గరకు లాక్కున్నారు. ఒకటో స్థానానికి వచ్చేసరికి మ. మధ్యలో రి దగ్గర, నాలుగో స్థానంలో, ఒక్క క్షణం మణికట్టు ఊపారు. నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత పెదవి కాస్త బిగించి మళ్లీ ఆరో స్థానానికే వెళ్లి ప పట్టి, అదే కదలికతో ఒకటికి వచ్చారు. పై స. మధ్యలో ని, మూడో స్థానంలో.

స నుంచి మ. ప నుంచి పై స. రాగం కింది సగం, పై సగం. చేతికి రెండూ ఒకే కదలిక, ఆరు నుంచి ఒకటి. ఆయనకు రాగం పేరు తెలియదు, పూర్వాంగం ఉత్తరాంగం అంటే తెలియదు. అయినా ఆ రెండు అంగాలూ ఆయన కుడిచేతిలో ఉన్నాయి. హాలు తాళం వేసేవాళ్లు వచ్చి నిలబడేదాకా ఆయన చేత మళ్లీ మళ్లీ వాయించుకున్నాను. మణికట్టు ఊగే తీరు ఫోనులో వీడియో తీసుకున్నాను.

ఇంటికి రాగానే ఆలాపన మొత్తం చెరిపేసి తిరగ రాశాను. స–మ జారు, ఒక ఊపిరి, ప–స జారు. మొదట రాసినదానికన్నా ఎంతో మేలుగా ఉంది. వాద్యం ఒప్పుకోనిచోట తెగింది కాబట్టే పాటకు పాదవిభజన వచ్చింది.

ఏప్రిల్ 1, మంగళవారం

మిశ్రచాపు తాళం. ఏడు మాత్రలు, మూడూ నాలుగూ: తకిట తకదిమి. బిగ్ బ్యాండులో ఇలాంటి లెక్కలు కొత్త కాదు. లాస్ ఏంజెలెస్‌లో డాన్ ఎలిస్ అనే ట్రంపెట్ వాద్యకారుడు రవిశంకర్ శిష్యుడు హరిహర్ రావు దగ్గర తాళం నేర్చుకుని, 1966లో మాంటెరీ జాజ్ ఉత్సవంలో పందొమ్మిది మాత్రల రచన పెద్ద బ్యాండుతో వాయించాడు. దాని పేరే లెక్క: మూడు మూడు, రెండు రెండు రెండు, ఒకటి, రెండు రెండు రెండు.

పదిహేడు మందీ ఒక్కటై గట్టిగా వాయించే చివరి ఘట్టాన్ని జాజ్‌లో షౌట్ కోరస్ అంటారు. నేను దాన్ని ముక్తాయింపుగా రాశాను. తొమ్మిది అక్షరాల పదం మూడుసార్లు, మధ్యలో రెండుచోట్ల నాలుగేసి అక్షరాల ఖాళీ. ఇరవై ఏడూ ఎనిమిదీ ముప్పై అయిదు. ఏడు చొప్పున సరిగ్గా అయిదు ఆవర్తనాలు (తాళం చుట్లు). ఆరో ఆవర్తనం మొదటి దెబ్బ మీద అందరూ కలిసి దిగాలి.

కాగితం మీద అది చూసి వాయించడం ఎవరివల్లా కాలేదు. తొమ్మిది అక్షరాల పదాన్ని ఏడు మాత్రల బారు గీత నరికేస్తోంది. రెండోసారికి ఆ గీత ఇంకోచోట నరుకుతుంది. కళ్లు గీతల్ని నమ్ముకున్నాయి, చెవులు పదాన్ని వింటున్నాయి. నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ చెల్లాచెదరయ్యాం.

వాద్యాలు కింద పెట్టమన్నాను. "తకదిమి తక తకిట" అని నోటితో చెప్పాను. వాళ్లు చెప్పారు. తొడ మీద ఏడు వేస్తూ పైన ఇది చెప్పించాను. ఖాళీల్లో నిశ్శబ్దంగా ఉండమంటే మొదట ఎవరూ ఉండలేకపోయారు. మా డ్రమ్స్ వాయించే ఆయన, మామూలుగా మాటే మాట్లాడరు, ఖాళీలో తను నాలుగు దెబ్బలు వేస్తే అందరికీ ఆసరాగా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. పదిహేను నిమిషాలు నోటితో అన్నాక వాద్యాలు ఎత్తాం. మొదటిసారే దిగాం. చర్చి హాల్లో పదిహేడు మంది అమెరికన్ గొంతులు తకిట తకదిమి అనడం నాన్నకు వినిపించాలనిపించింది, కానీ అక్కడ అప్పటికింకా తెల్లవారలేదు.

స్కోరులో బారు గీతలు అలాగే ఉంచి, స్వరాలను కలిపే పై గీతలను మాత్రం పదం ప్రకారం మార్చాను. ఇప్పుడు చూస్తే కంటికి పదం కనిపిస్తుంది.

ఏప్రిల్ 20, ఆదివారం

పార్టుల అచ్చు. ఆరు రచనలు, ఒక్కోదానికి పదిహేడు. నూట రెండు పార్టులు. ప్రతి పేజీ తిప్పే చోట ఆ మనిషికి చేతులు ఖాళీగా ఉండాలి. పేజీ చివరికి విరామం పడేలా జరపడానికే రోజంతా పట్టింది. బారిటోన్ శాక్సఫోన్ పార్టుకు ఎటు జరిపినా కుదరక మూడో పేజీని మడతగా అతికించాను. వేళ్లన్నీ టేపు జిగురు.

ఏప్రిల్ 29, మంగళవారం

నా కుర్చీలోకి వచ్చిన కుర్రాడికి పందొమ్మిదేళ్లు. మధ్యలో సోలో అతనిదే. సోలో ఎన్ని ఆవర్తనాలు సాగాలో నేను రాయలేదు. నేను చెయ్యి చూపినప్పుడు వెనక వరుసలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాలి. ఇది నడిపించేవాళ్ల పని, ఇది నాకు చేతకావడం లేదు. చాలా తొందరగా చూపిస్తున్నాను. అతను ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేయకముందే వెనక నుంచి ట్రంపెట్లు వచ్చి మీద పడుతున్నాయి. జాజ్ రచయిత్రి మరియా ష్నైడర్ తన ఆర్కెస్ట్రా ముందు నిలబడిన వీడియోలు చూస్తున్నాను. తాళం వేయడం చాలా చోట్ల ఆపేస్తుంది. డ్రమ్స్ ఉండగా మళ్లీ ఎందుకు? చేతులతో పెరుగుదల, తరుగుదల మాత్రమే చూపిస్తుంది. ఎక్కువసేపు కేవలం వింటూ నిలబడుతుంది.

మే 13, మంగళవారం

ఆఖరి రిహార్సల్. వరుస మార్చాను. మొదటి ట్రంపెట్‌కు భారంగా ఉన్న రెండు రచనలూ పక్కపక్కన ఉన్నాయి, విడదీశాను. ఆమె వచ్చి నా భుజం తట్టి వెళ్లింది.

మే 17, శనివారం, రాత్రి

సాయంత్రం ఏడింటికి, ఒక స్కూలు ఆడిటోరియంలో. నూట నలభై మంది దాకా వచ్చారు. తెనాలిలో తెల్లవారుజామున నాలుగున్నర. నాన్న ఫోను గోడకు ఆనించి పెట్టుకుని చూస్తానన్నారు.

మొదటి అయిదూ సాఫీగా సాగాయి. మూడోదానిలో పియానో శబ్దం చివరి వరుసల దాకా వెళ్లలేదట, అది తర్వాత తెలిసింది.

ఆరోది. గిటారు ఒంటరిగా ఆరు బార్లు, దాని వెనక ఎనిమిది మ్యూటులు గొట్టాల్లో బిగుసుకుంటున్న చిన్న కిరకిర. ఎవరి చేతిలోంచీ ఏదీ జారలేదు. రెండో ట్రాంబోన్ లేచి నిలబడ్డారు. స నుంచి మ. ఊపిరి. ప నుంచి పై స. రిహార్సల్‌లో ఊపినదానికన్నా రి దగ్గర ఎక్కువసేపు ఊపారు. నేను చేతులు కిందకు దించేసి విన్నాను.

సోలోలో కుర్రాడికి మూడు విడతలని తర్వాత అనుకుని స్కోరులో రాసుకున్నాను. మూడో విడత చివర చెయ్యి ఎత్తబోయి ఆపుకున్నాను. అతను కళ్లు మూసుకుని ని మీద ఏదో వెతుకుతున్నాడు. నాలుగోది ఇచ్చాను. అయిదోదాంట్లో అది దొరికింది. అప్పుడు చూపించాను. ట్రాంబోన్లు వచ్చాయి, వాటి మీద ట్రంపెట్లు, అతను వాటి మీదుగా ఎక్కాడు.

ముక్తాయింపులో రెండో విడతకు మూడో ట్రాంబోన్ ఒక మాత్ర ముందే వచ్చేశారు. గుండె ఆగినంత పనైంది. డ్రమ్స్ ఆయన ఖాళీలో నాలుగు దెబ్బలను మామూలుకన్నా గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా వేశారు. మూడో విడతకు అందరూ ఆ నాలుగోదాని మీద నుంచే బయలుదేరారు. తకదిమి తక తకిట. దిగారు. పదిహేడు మందీ ఒకే చోట.

చివరి తీగ రి, ప, స, మ, ని. పై నుంచి ఒక్కొక్కరే ఆపుతూ వచ్చారు. బారిటోన్ రి మీద మిగిలింది. అదీ ఆగాక బాస్ ఒక్కటే, స మీద, దాని తంతి ఊపు ఆగేదాకా.

మే 25, ఆదివారం

రికార్డింగు వింటూ స్కోరు దిద్దుతున్నాను. 61వ బారులో బకెట్ మ్యూటులతో ఉన్న ట్రాంబోన్ల మోత ఇంకా ఒక మెట్టు తగ్గాలి. 148లో రెండో ఆల్టో స్వరం బారిటోన్‌తో ఒరుసుకుంటోంది, మ తీసి స ఇచ్చాను. సోలో దగ్గర "మూడు విడతలు" అన్న మాట కొట్టేశాను. మూడో ట్రాంబోన్ పార్టులో రెండో ఖాళీ మీద నాలుగు చిన్న గీతలు పెట్టాను, డ్రమ్స్ దెబ్బలకు గుర్తు.

నాన్న ఆ రోజు ఉదయం ఫోనులో కచేరి గురించి ఎక్కువ మాట్లాడలేదు. "ఆ సాగే గొట్టం వాయించినాయన పాట నాకు కావాలి" అన్నారంతే. ఆలాపన మొత్తం సరిగమల్లో తెలుగులో రాశాను. ఊగే చోట్ల పైన అలల గీత పెట్టాను. జారు క్లారినెట్‌లో ఎలా తేవాలో ఆయనకు నేను చెప్పనక్కరలేదు. నిన్న రాత్రి నాలుగు పేజీలు ఫొటో తీసి పంపాను.

ఇవాళ పొద్దున్నే జవాబు వచ్చింది. "క్లారినెట్ రీడు నీళ్లలో వేశాను. మూడో పేజీ మసకగా ఉంది, మళ్లీ తీసి పంపు."